2025 సెప్టెంబరు చర్చ: అమెరికా 50 శాతం సుంకం దెబ్బకి రొయ్య ధర పడింది, ఈ గ్లోబలైజేషన్ వల్ల మనకి ఒరిగిందేంటి?

చెరువుగట్టు
పశ్చిమ గోదావరిలో ఉండి అనే ఊరి దగ్గర మూడెకరాల చెరువులు లీజుకి తీసుకుని నాన్న, నేను వనామీ రొయ్య వేస్తున్నాం. 2025 మే నెలలో 3 లక్షల సీడ్ (రొయ్య పిల్లలు) వదిలాం. ఆగస్టు ఆఖరికి 50 కౌంట్‌కి వచ్చింది (తెలియనివాళ్లకి: కిలోకి 50 రొయ్యలు తూగితే 50 కౌంట్). సరిగ్గా అప్పుడే, 27వ తేదీ నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. జులైలో కిలో 350 చెప్పిన ఏజెంటే పట్టుబడి (చెరువులో రొయ్య పట్టే) రోజు పొద్దున్న ఫోన్ చేసి 290 అన్నాడు. అప్పటికి వలవాళ్లు గట్టు మీద టీ తాగుతున్నారు, ఐసు బండి వచ్చేసింది. వద్దనుకుంటే ఇంకో పది రోజులు మేత వెయ్యాలి. మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తిన ప్రతిసారీ నాలుగైదు చచ్చినవి కనపడుతుంటే పది రోజులు ఆగే ధైర్యం ఎవడికుంటుంది? ఇచ్చేశాం.

లెక్క చెప్తాను. సీడ్ లక్షా 20 వేలు. మేత 4 లక్షల 75 వేలు. కరెంటు, డీజిలు, మందులు, కూలీ కలిపి రెండున్నర లక్షలు. లీజులో ఈ పంట వాటా లక్షా 80 వేలు. మొత్తం 10 లక్షల 25 వేలు. 3,600 కిలోలు పడ్డాయి, 290 చొప్పున 10 లక్షల 44 వేలు వచ్చింది. నాలుగు నెలలు ఇద్దరం రాత్రీ పగలూ కాపలా కాస్తే మిగిలింది 19 వేలు. పాత రేటే ఉంటే 2 లక్షల 35 వేలు మిగిలేది.

డిగ్రీలో "ప్రపంచీకరణ లాభనష్టాలు" అని పది మార్కుల ప్రశ్న వచ్చేది. ఇటు ఐదు, అటు ఐదు పాయింట్లు రాస్తే మార్కులు పడేవి. ఇప్పుడు ఆ ప్రశ్న వచ్చి మా చెరువులో పడింది. ఎవరైనా నిజంగా ఆలోచించి చెప్పండి, మనకి ఇది లాభమా నష్టమా?

కొల్లేటి_కొంగ
పెట్టుబడి పోలేదుగా, అదృష్టవంతుడివి. మా బావ 100 కౌంట్‌లోనే పట్టేశాడు, రోగం వచ్చి. ఆయన దగ్గర లెక్కలు అడిగితే చెప్పు తీస్తాడు.

లెక్కల_మాస్టారు
అబ్బాయ్, నీ బాధ అర్థమైంది. కానీ ఒక్క పంట లెక్కతో ముప్పై ఏళ్ల విధానానికి తీర్పు చెప్పకు. 1991లో మన దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా డాలర్లు కూడా సరిగ్గా లేవు. 47 టన్నుల బంగారం బయటికి పంపి తాకట్టు పెట్టుకున్నాం. అప్పుడు మన పీవీ గారు తలుపులు తీశారు. అంతకు ముందు ఎలా ఉండేదో మీ తరానికి తెలీదు. మా నాన్నగారు 1986లో టెలిఫోన్‌కి దరఖాస్తు పెట్టారు, 1993లో వచ్చింది. ఫోన్ వచ్చేసరికి దరఖాస్తు పెట్టిన మనిషి లేరు.

నువ్వు కిలో 350కి అమ్ముకుందామనుకున్న రొయ్యని ఎవడు కొంటాడనుకున్నావు? ఆ 350 కూడా గ్లోబలైజేషన్ ఇచ్చినదే.

పత్తి_చేను
మాస్టారూ, ఇచ్చిన చేత్తోనే తీసుకుంటుంటే ఏం చెయ్యాలి మరి?

కొల్లేటి_కొంగ
మాస్టారు చెప్పిందాంట్లో ఒక పాయింటు ఉంది గట్టూ. అసలు వనామీ మన రొయ్యే కాదు. దాని పుట్టిల్లు అటు పసిఫిక్ తీరం, మెక్సికో నుంచి కిందికి పెరూ దాకా. మనకి ముందు ఉన్నది టైగర్ రొయ్య. 94, 95లో తెల్లమచ్చ రోగం వచ్చి నెల్లూరు నుంచి ఇటు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది, మా పెదనాన్న అప్పుడు పాలకొల్లులో ఇల్లు అమ్ముకున్నాడు. 2009లో వనామీకి అనుమతి ఇచ్చాకే మళ్లీ చెరువుల్లో నీళ్లు కదిలాయి. ఇప్పటికీ తల్లి రొయ్యలు హవాయి నుంచీ ఫ్లోరిడా నుంచీ విమానంలో వస్తాయి, చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి, పిల్లలు పుట్టించే హేచరీలకి ఇస్తారు. అమెరికా తల్లి, ఆంధ్రా పిల్ల, మళ్లీ అమెరికా ప్లేటు.

డల్లాస్_దొరబాబు
రొయ్యకి రెండు వైపులా ఫ్లైట్ టికెట్. మాకేమో వీసా స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంట్ దొరకట్లేదు.

కొల్లేటి_కొంగ
వచ్చేది బతికి, వెళ్లేది ఐసులో. అలా వెళ్తానంటే నీకూ దొరుకుతుంది 😀

చెరువుగట్టు
జోకులు సరే. మాస్టారూ, తలుపులు తియ్యద్దని నేను అనట్లేదు. తలుపు వాడివైపు నుంచి వాడు వేసుకుంటే వేలు నాది నలిగింది, అదీ నా గొడవ. రొయ్య కొని, శుభ్రం చేసి ఎగుమతి చేసే ప్లాంటువాడు ఆర్డరు తగ్గిందని నాకు రేటు కోశాడు. మేత కంపెనీ రేటు కొయ్యలేదు. లీజు రైతు కొయ్యలేదు. డీజిలు తగ్గలేదు. సుంకం అంతా నా 3,600 కిలోల మీదే పడిందా?

లెక్కల_మాస్టారు
అది మంచి ప్రశ్న. దాన్నే భారం ఎవరి మీదకి జారుతుందన్న లెక్క అంటారు. ఎవడు ఆగలేడో వాడి మీదకి జారుతుంది. ప్లాంటువాడు కోల్డ్ స్టోరేజీలో నెలలకి నెలలు దాచగలడు. అమెరికాలో కొనేవాడు ఈక్వెడార్‌కి ఫోన్ చెయ్యగలడు, 2025 ఆగస్టులో వాళ్లకి వేసింది 15 శాతమే. నీ రొయ్య మాత్రం నీళ్లలో ఉంది, రోజూ తింటుంది, రోజూ చస్తుంది.

ఐసు_చేతులు
ఇక్కడ రైతు గురించే మాట్లాడుతున్నారు. నేను ప్లాంటులో తల తీసే పని చేస్తాను. పేరు చెప్పను, ఎవరూ అడగొద్దు. మాకు కిలో లెక్కన కూలి. సరుకు వస్తే పని, రాకపోతే లేదు. ఆగస్టు నుంచి వారంలో మూడు రోజులే పిలుస్తున్నారు. పొద్దున్న నాలుగున్నరకి వ్యాన్ వస్తుంది, పన్నెండు ఊళ్ల ఆడవాళ్లం. ఐసు నీళ్లలో చేతులు, గ్లౌజు ఉన్నా గోళ్ల సందుల్లో చర్మం లేచిపోద్ది, రాత్రి కూర కలిపితే కారం మంట. అయినా ఆ డబ్బుతోనే మా పాప ఇంటర్ చదివింది. ముందు వరి కోతలకి వెళ్లేదాన్ని, మిషన్లు వచ్చాక ఆ పనీ లేదు. ప్లాంటు మూస్తే గ్లోబలైజేషన్ తగ్గిందని సంతోషించే ఓపిక నాకు లేదండి.

చెరువుగట్టు
అక్కా, నిజం. మీ సంగతి నేను రాయనే లేదు.

పాతనేల
అందరూ డబ్బు లెక్కలే చెప్తున్నారు కాబట్టి ఒక్క మాట. మా ఊళ్లో 2010 ముందు వరి పండేది, చేదబావిలో నీళ్లు తాగేవాళ్లం. ఇప్పుడు చుట్టూ చెరువులే, బావి నీళ్లు నోట్లో పోస్తే ఉప్పు. ఇంటింటికీ 20 లీటర్ల టిన్ను. చెరువు పక్కన వరి ఉన్నవాడు ఊట దెబ్బకి వాడూ చెరువు తవ్వుకోవాల్సిందే, ఇష్టం ఉన్నా లేకపోయినా. ఈ ఖర్చు ఎగుమతి లెక్కల్లో ఎక్కడ రాస్తారు? డాలర్లు అక్కడెక్కడో, ఉప్పు మాత్రం మా ఊళ్లోనే.

కొల్లేటి_కొంగ
నా హ్యాండిల్ చూసి నన్ను అనట్లేదు కదా 🙂 కొల్లేరు సంగతి ఎత్తితే ఈ దారం తెల్లారేదాకా సాగుతుంది. 2006లో కొల్లేట్లో అక్రమ చెరువుల గట్లు పేల్చిన రోజు నేను అక్కడే ఉన్నా.

డల్లాస్_దొరబాబు
సీరియస్‌గా ఒకటి చెప్తా, తిట్టుకోకండి. రెండేళ్ల కిందట కారేసుకుని ఇక్కడ అమెరికాలో లూసియానా తీరానికి వెళ్లాం. చిన్న ఊరు, రేవులో రొయ్యల పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు, పలకరించా. ఎక్కడివాడివి అన్నాడు, ఇండియా అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, వాళ్ల నాన్న, ఆయన, కొడుకు ముగ్గురూ అదే పడవ మీద పనిచేశారట, ఇప్పుడు కొడుకు ట్రక్కు నడుపుతున్నాడట. డీజిలు డబ్బులు కూడా రావట్లేదన్నాడు. అమెరికావాళ్లు తినే రొయ్యల్లో 90 శాతం పైగా బయట నుంచి వచ్చినవే, అందులో పెద్ద వాటా మనది. ఆయన దృష్టిలో గ్లోబలైజేషన్ అంటే ఎవరో కాదు, మన చెరువుగట్టే.

పత్తి_చేను
అయితే మన గట్టు అంతర్జాతీయ విలన్ అన్నమాట.

చెరువుగట్టు
19 వేలు మిగిలిన విలన్.

డల్లాస్_దొరబాబు
నవ్వులాటకి కాదు. వాళ్లు 2005 నుంచి మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా దించుతున్నారని వేసేది) వేయించుకున్నారు, 2024 డిసెంబరులో సబ్సిడీలు ఇస్తున్నారని ఇంకో ఐదున్నర శాతం పైన వేశారు. ఆ 50 దీనికి అదనం, అన్నీ కలిపితే 58 దాకా వచ్చింది. మీకు చెరువుల ప్రాంతం, అదే ఆక్వా జోన్‌లో యూనిట్ రూపాయిన్నరకి కరెంటు ఇస్తున్నారా లేదా? వాళ్ల కంటికి అది సబ్సిడీయే కదా.

చెరువుగట్టు
రూపాయిన్నర కరెంటు ఉండాలంటే ముందు కరెంటు ఉండాలి కదా. రాత్రి రెండింటికి పోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిన ఇరవై నిమిషాలకి రొయ్య పైకి తేలి గట్టు వారకి వస్తుంది, టార్చి వేస్తే ఎర్రగా కళ్లు మెరుస్తాయి, వేలకి వేలు. అప్పుడు జనరేటర్ స్టార్ట్ అవ్వకపోతే గుండె ఆగిపోద్ది. ఆ డీజిలుకి నాకెవరూ సబ్సిడీ ఇవ్వట్లేదు. మీ లూసియానా తాతకి చెప్పు.

ఫార్మా_పక్షి
నాది జీడిమెట్ల. మా సరుకూ అమెరికాకే వెళ్తుంది కానీ మందులకి ఆ 50 శాతం నుంచి మినహాయింపు ఇచ్చారు. ఎందుకంటే ఆపితే వాళ్లకే కష్టం. రొయ్య లేకపోతే చికెన్ తింటారు, బీపీ మాత్ర లేకపోతే? మనం లేకపోతే వాడికి జరగని వస్తువు మన దగ్గర ఉంటే గ్లోబలైజేషన్ చాలా తియ్యగా ఉంటుంది.

పత్తి_చేను
మరి మీ మందులకి ముడిసరుకు ఎక్కడిది?

ఫార్మా_పక్షి
దొరికిపోయా. చాలావాటికి చైనాయే. 90ల్లో మన దగ్గర పెన్సిలిన్ తయారుచేసేవాళ్లు, చైనా సరుకు చవగ్గా వచ్చి అవన్నీ మూతపడ్డాయి. చవగ్గా వస్తోంది కదా అని మేమూ కొన్నాం, మాత్రలూ చవకయ్యాయి. 2020లో కరోనా మొదట్లో వూహాన్ మూసినప్పుడు తెలిసింది ఆ చవక ఖరీదు. మళ్లీ కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ప్లాంటు పెట్టుకోవడానికి 2024 దాకా పట్టింది. అది కూడా ప్రభుత్వం ప్రోత్సాహకం ఇస్తేనే. మూయడానికి మూడేళ్లు, తెరవడానికి ముప్పై ఏళ్లు.

పత్తి_చేను
ఇగ నా సంగతి వినండి. ఆదిలాబాద్ వైపు ఎనిమిదెకరాల పత్తి. అమెరికా సుంకం వేసింది బట్టల మీద, రొయ్యల మీద. పత్తి రైతుకి ఏం సంబంధం అనుకున్నా. బట్టల మిల్లులవాళ్లు దెబ్బతిన్నారు కాబట్టి వాళ్లకి దూది చవగ్గా దొరకాలని 2025 ఆగస్టు 19 నుంచి దిగుమతి పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తేశారు. మొదట సెప్టెంబరు దాకా అన్నారు, పది రోజులు కాకముందే డిసెంబరు 31 దాకా పొడిగించారు. మా పత్తి ఇంటికొచ్చేది ఎప్పుడు? అక్టోబరు, నవంబరు. అంటే మా పంట మార్కెట్‌కి వచ్చే టైముకే తలుపు బార్లా తెరిచిపెట్టారు. దెబ్బ తగిలింది మిల్లుకి, కట్టు కట్టింది నా తల మీద.

2025-26కి మద్దతు ధర క్వింటాలుకి 8,110 అన్నారు. ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ కేంద్రంలో తేమ ఎక్కువ ఉందని వెనక్కి పంపితే ప్రైవేటువాడికి ఎంతకి ఇస్తామో మాకు తెలుసు.

లెక్కల_మాస్టారు
మిల్లులు మూతపడితే నీ పత్తి ఎవరు కొంటారు? తమిళనాడు తిరుప్పూర్‌లో లక్షలమంది కూలీలున్నారు.

పత్తి_చేను
తెలుసు మాస్టారూ. వాళ్లు బతకాలి. కానీ ప్రతిసారీ "ఎవరో ఒకరు సర్దుకోవాలి" అన్నప్పుడు ఆ ఒకరు పంట పండించేవాడే ఎందుకవుతున్నాడు? ఈ ప్రశ్నకి మీ పుస్తకంలో జవాబు ఉంటే పేజీ నంబరు చెప్పండి.

గల్ఫ్_మామ
20 ఏళ్లుగా షార్జాలో. మాది జగిత్యాల దగ్గర. నాకు చిన్నప్పుడు గ్లోబలైజేషన్ అన్న మాట తెలీదు, పాస్‌పోర్ట్ అన్న మాట తెలుసు. ఈ సెప్టెంబరులో రూపాయి డాలరుకి 88 అయ్యిందని మీరంతా ఏడుస్తున్నారు, నాకు దిర్హమ్‌కి 24 వస్తోంది. జీతం పెరగకుండానే పెరిగినట్టు. ఊళ్లో ఇల్లు కట్టా, చెల్లి పెళ్లి చేశా. నా కొడుకు నన్ను చూసి "అంకుల్" అన్నాడు ఒకసారి, నాలుగేళ్లప్పుడు. లాభమా నష్టమా అంటే నేను ఏ గడిలో రాయాలి దీన్ని?

కొల్లేటి_కొంగ
మామా, టీ తాగుదాం రా అనడానికి కూడా దూరంగా ఉన్నావు.

చెరువుగట్టు
ఒక్క డౌటు. రూపాయి పడితే ఎగుమతి చేసేవాడికీ లాభమే కదా. డాలరుకి 88 వస్తుంటే ప్లాంటువాడికి ఎక్కువ రూపాయలు వస్తాయి. అవి నా దాకా ఎందుకు రావట్లేదు? సుంకం మాత్రం రాకెట్‌లా వచ్చేసింది.

బిల్లుపుస్తకం
ఎగుమతుల ఆఫీసులో అకౌంట్స్ చూసేవాణ్ని, చెప్తా. ఆర్డరు రెండు మూడు నెలల ముందే ఒక రేటుకి ఒప్పుకుంటారు. కంటైనర్ ఎక్కి అక్కడికి చేరడానికి నెలపైన. సముద్రంలో ఉన్న సరుకు మీద కొత్త సుంకం పడితే కొన్నవాడు సగం నువ్వు భరించు అంటాడు. రూపాయి పడినందుకు వచ్చేది ఒకటి రెండు శాతం, సుంకం 50. అంటే అంతా నీతిగా చేస్తున్నారని కాదు. పాత తక్కువ సుంకం సరుకు స్టోరేజీలో ఉంచుకుని కొత్త సుంకం పేరు చెప్పి రైతుకి రేటు కోసినవాళ్లనీ చూశా. పేర్లు రాయను, మా ఇంటి ఈఎంఐ ఉంది.

పత్తి_చేను
ఈ దారంలో అందరికంటే నిజాయితీపరుడు దొరికాడు.

కిరాణా_కొట్టు
మీరంతా అమ్మేవాళ్లు. కొనేవాళ్ల తరఫున ఎవరూ లేరా? విజయవాడలో మా కొట్టు. 2025 మే ఆఖర్లో ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం 20 నుంచి 10కి తగ్గించారు. రేటు దిగాక నెలకి రెండు ప్యాకెట్లు కొనే ఇల్లాలు మూడు తీసుకెళ్లింది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే. ఆపేయమంటే ఆవకాయ ఎవరూ పెట్టలేరు.

గెలల_తోట
ఆవకాయలో పామాయిల్ పోసేవాణ్ని ముందు గ్రూపులోంచి తీసెయ్యండి.

కిరాణా_కొట్టు
మాట వరసకి అన్నా బాబోయ్!

గెలల_తోట
మాది అశ్వారావుపేట వైపు, పామాయిల్ తోట. అదే 10 శాతం తగ్గింపుకి మా గెల ధర కూడా దిగింది. ముడి నూనె రేటుని బట్టే మా గెలకి రేటు కడతారు. 2024 సెప్టెంబరులో సుంకం పెంచితే ధైర్యం వచ్చి ఇంకో నాలుగెకరాల్లో మొక్కలు నాటా. అవి కాపుకి రావడానికి నాలుగేళ్లు. సుంకం మాత్రం ఎనిమిది నెలలకే మారిపోయింది. మలేషియావాడు నా శత్రువు కాదు. ఢిల్లీలో ఎవరో ఒక కాయితం మీద సంతకం పెట్టేముందు నా మొక్కకి వయసెంతో అడగరు, అదీ నా బాధ.

లెక్కల_మాస్టారు
ఇది మాత్రం ఒప్పుకుంటాను. తలుపు తెరిచి ఉండటం ఒక ఎత్తు, ఎప్పుడు తెరుస్తారో ఎప్పుడు మూస్తారో తెలియకపోవడం ఇంకో ఎత్తు. రెండోది మొదటిదాని కంటే ఘోరం. 1995లో డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) పెట్టినప్పుడు చెప్పింది ఇదే, నియమాలు ఉంటాయి, ఎవడిష్టం వాడిది కాదు అని. ఇప్పుడు పెద్దవాడే నియమం తప్పాడు. కాబట్టి నీకు దెబ్బ తగిలింది గ్లోబలైజేషన్ వల్ల కాదు అబ్బాయ్, అది ఆగిపోవడం వల్ల.

చెరువుగట్టు
మాస్టారూ, లారీ గుద్దితే చచ్చానా, లారీ సడన్‌గా బ్రేకు వేస్తే వెనకాల ఉన్న నేను గుద్దుకుని చచ్చానా అన్నంత తేడా ఉంది. పోయింది నా బండేగా.

డల్లాస్_దొరబాబు
హహ. కానీ మాస్టారు చెప్పింది నాకూ వర్తిస్తుంది. మొన్న సెప్టెంబరు 19, శుక్రవారం రాత్రి, కొత్త హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా)కి లక్ష డాలర్ల ఫీజు అని వచ్చింది. పాతవాళ్లకి వర్తించదని క్లారిటీ వచ్చేలోపే మా ఫ్రెండు ఒకడు హైదరాబాద్‌లో చెల్లి పెళ్లి చూపులు వదిలేసి ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాడు. టికెట్‌కి మామూలు కంటే మూడు రెట్లు పెట్టాడు. వాడు కోడ్ రాసేది, గట్టు రొయ్య పెంచేది, ఇద్దరిదీ ఒకటే కస్టమరు.

పాతనేల
ఒకడి చేతిలో అంతా పెట్టడమే తప్పు. 2024-25లో మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62,408 కోట్లు. డాలర్లలో చూస్తే మూడో వంతు పైన అమెరికా ఒక్కటే. ఒకే గిరాకీని నమ్ముకున్న కొట్టు ఎన్నాళ్లుంటుంది?

బిల్లుపుస్తకం
చెప్పడం సులువు. యూరప్‌కి పంపుదామంటే అక్కడ మన సరుకులో సగం కంటైనర్లని ఆపి యాంటీబయాటిక్ పరీక్ష చేస్తారు. ఎందుకంటే ఇదివరకు మనవాళ్లు నిషేధించిన మందులు వాడి దొరికారు. ఆ విషయం ఈ దారంలో ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు చూడండి. చైనా కొంటుంది కానీ రేటు పిండుతుంది. బ్రిటన్‌తో 2025 జులైలో ఒప్పందం సంతకం అయ్యింది, దాని ప్రకారం రొయ్యకి సుంకం ఉండదు, కానీ అక్కడ తినే నోళ్లు ఎన్ని?

చెరువుగట్టు
యాంటీబయాటిక్ సంగతి ఒప్పుకుంటా. మా దగ్గర మందుల షాపువాడే డాక్టరు. రొయ్యకి ఏం రోగమో చూడకుండా సీసా ఇస్తాడు, అప్పుకి కూడా ఇస్తాడు. పట్టుబడి అయ్యాక ఆ డబ్బులు పట్టుకుంటాడు.

హైదరాబాదీ_భోజనం
నాకు ఒకటే అర్థం కాదు. మీకు 290 వస్తోంది కదా, కూకట్‌పల్లిలో నేను కిలో 480కి కొంటున్నా, అది కూడా తల తీయకుండా. మనమే తినేస్తే పోలా? అమెరికాని బతిమాలడం ఎందుకు?

కొల్లేటి_కొంగ
నువ్వొక్కడివి ఎన్ని తింటావు బాబూ. ఒక్క అమెరికాకే ఏడాదికి దాదాపు 3 లక్షల టన్నులు వెళ్లింది.

హైదరాబాదీ_భోజనం
ఆదివారం పిలిచి చూడండి.

ఐసు_చేతులు
మా ప్లాంటు చుట్టుపక్కల ఊళ్లలోనే ఇంట్లో రొయ్య వండేది నెలకోసారి. నాకు రోజూ చేతిలో వందల కిలోలు పోతాయి, ఇంటికి తీసుకెళ్లేది ఏమీ లేదు, గేటు దగ్గర సంచీ చూస్తారు. 150కి ఇస్తే మా ఊళ్లో అందరూ కొంటారు. రైతు ఇవ్వలేడు.

చెరువుగట్టు
నాకే కిలోకి పెట్టుబడి 285 పడింది అక్కా. కానీ 290కీ 480కీ మధ్య ఉన్న 190 ఎవరు తింటున్నారో చూస్తే, అందులో సగం ఐసు, రవాణా. హైదరాబాద్ దాకా చల్లటి బండి పెట్టుకోగలిగితే మేం నలుగురం రైతులం కలిసి వారానికి ఐదారు వందల కిలోలు అమ్మచ్చు. పోయిన వారం ఇదే మాట్లాడుకున్నాం. కోల్డ్ బాక్సుల రేట్లు కనుక్కుంటున్నా.

లెక్కల_మాస్టారు
అది చెయ్యి ముందు. కూకట్‌పల్లిలో మా అమ్మాయి ఉంది, ఆ అపార్ట్‌మెంట్‌లోనే 200 ఇళ్లు. గ్రూపులో పెట్టమంటాను.

పత్తి_చేను
మాస్టారు కమీషన్ ఏజెంట్ అయిపోయాడు!

గల్ఫ్_మామ
జనవరిలో ఊరికొస్తున్నా, రెండు కిలోలు నాకూ.

కొల్లేటి_కొంగ
గట్టూ, తర్వాతి పంట ఏం చేస్తున్నావు? మావాళ్లు సగం మంది చెరువు ఎండబెట్టేశారు. కొందరు రాగండి, శీలావతి చేపలు వేసి కలకత్తా లారీ ఎక్కిస్తాం అంటున్నారు. లాభం తక్కువ, నిద్ర పడుతుంది.

చెరువుగట్టు
రెండెకరాల చెరువు చేపకి మారుస్తున్నాం. ఎకరం చెరువులో మాత్రం వనామీయే, సీడ్ కూడా పలచగా, 60 వేలే. నాన్న వద్దన్నాడు. అంతా చేపే వెయ్యమన్నాడు. ఎకరంతో ఒప్పించా. మాస్టారి అమ్మాయి అపార్ట్‌మెంట్‌ని నమ్ముకుని.

ఐసు_చేతులు
ఆ బాక్సుల్లో పెట్టేముందు తల తీసి, నరం లాగి ఇవ్వాలంటే మాకు చెప్పండి. మేం ముగ్గురం ఉన్నాం, ఖాళీగానే ఉన్నాం. కిలోకి ఎంతిస్తారో మాత్రం ముందే చెప్పాలి.

చెరువుగట్టు
అక్కా, ఇన్‌బాక్స్ చూడండి.

కొల్లేటి_కొంగ
ఇవాళ భీమవరంలో 40 కౌంట్ ఎంత చెప్తున్నారో ఎవరికైనా తెలుసా?